పెద్దమ్మ దాచిన చెడిన కాపీలు

మూడు వారాల క్రితం, ఒక మంగళవారం పొద్దున మా పెద్దమ్మ కన్నుమూసింది. ఆమె అమ్మకు సొంత అక్క, నాకు ఫొటోల పని నేర్పిన గురువు. మా ఊరు మురుంగపాక్కంలో ఆమె స్టూడియోలో ఫొటో తీయించుకున్నవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు.

కంప్యూటర్లో అందంగా ఉన్న మొహం కాగితం మీదికి వచ్చేసరికి ఒకోసారి పచ్చబడుతుంది. ఒకోసారి అంచు తెగిపోతుంది. అప్పుడు ప్రింటు మిషన్‌ని తిట్టి, కనిపించిన బటన్లన్నీ నొక్కడం నా అలవాటు. పెద్దమ్మ చెడిన కాపీ తీసుకుని వాకిట్లోకి వెళ్లి ఎండ వెలుతురులో చూసేది.

“తప్పు యాడుందో ముందు కనుక్కో పాపా. తెరలోనా, కాయితంలోనా, మిషన్లోనా? ఒకటి మార్చు, ఒక కాపీ తియ్యి. అన్నీ ఒక్కసారే మారిస్తే ఏది బాగుచేసిందో నీకెట్ల తెలుస్తాది?”

ఆమెకు ఇంగ్లీషు రాదు. సాఫ్ట్‌వేర్‌లో ఏది ఎక్కడుందో కంటిగుర్తు, అంతే. ఇంగ్లీషు చదివిన నేను గంటసేపు తంటాలు పడ్డది ఆమె మూడు కాపీల్లో తేల్చేసేది. అప్పుడు నాకు ఒళ్లు మండేది.

చెడిన కాపీలు పారేయనిచ్చేది కాదు. ఏం తప్పు జరిగిందో, ఎలా సరిపోయిందో వెనకాల రాసి రేకు పెట్టెలో దాచేది. మాటలు తెలుగువే, అక్షరాలు తమిళం. తమిళ బడుల్లో చదువుకున్న మా ఇళ్లలో చాలామందిలాగే ఆమెకూ తెలుగు రాయడం రాదు. “పిల్లని కొంచెం తెల్లగా చెయ్యక్కా” అని ఎవరైనా అడిగితే మాత్రం మొహం మీదే చెప్పేది: “ఉండే రంగు తెచ్చిస్తా. లేని రంగు నాకాడ లేదు.”

పెద్దకర్మకు పెట్టే ఆమె పాత ఫొటో కాపీ నేనే తీయాల్సి వచ్చింది. తీస్తే ఎర్రగా వచ్చింది. ఆ చామనఛాయ మొహం జ్వరం తగిలినట్టుంది. దండ వేస్తే తెలియదులే అన్నారు చుట్టాలు. అమ్మ ఒక్కసారి చూసి, “ఇది మా అక్క కాదు” అని పక్కకు తిరిగింది. ఆమె రంగు ఆమెకే ఇవ్వలేకపోతే ఇన్నేళ్లు నేను నేర్చుకున్నదేమిటి?

రేకు పెట్టె తెరిచాను. ఇలాగే ఎర్రబడిన ఒక పెళ్లికూతురి ఫొటో వెనకాల రాసి ఉంది: “కంప్యూటరూ రంగు దిద్దింది, మిషనూ దిద్దింది. ఒక పులుసుకి ఇద్దురు ఉప్పేసినారు. మిషన్లో దిద్దేది ఆపు.”

అదొక్కటే మార్చాను. ఒక్క కాపీ తీశాను. ముందు నుదురు వచ్చింది, తర్వాత బొట్టు, ఆ తర్వాత నా పనిని ఎప్పుడూ అనుమానంగా చూసే ఆ కళ్లు. వాకిట్లోకి తీసుకెళ్లి ఎండలో అమ్మకు చూపించాను. అమ్మ ఆ చెంప నిమిరి, “వచ్చేసినావా అక్కా” అంది. ఇంకు ఆరలేదని చెప్పబోయి ఊరుకున్నాను.

ఎర్రబడిన కాపీ వెనకాల నేనూ ఏం తప్పు జరిగిందో తమిళ అక్షరాల్లో రాసి, పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాను. మూత వేయబోతుంటే, జ్వరం తగిలినట్టున్న మొహంతో పెద్దమ్మ నావైపే చూస్తోంది.