చుట్టాల కోసం అలికిన గోడ

ఆ రోజు ముత్తక్క గోడ ఎందుకు అలికింది? ఇన్నేళ్లయినా నాకు తెలియదు. నేను చదివిన పుస్తకాల్లో మనుషులు చేసే పనులకు కారణాలు ఏదో ఒక పేజీలో బయటపడేవి. ముత్తక్కను మాత్రం ఎన్నిసార్లు అడిగినా నవ్వేది.

సోడె ముత్తక్కది ములకలపల్లి నుంచి అడవిలోకి పోయే దారిలో ఒక కోయగూడెం. నేను అప్పట్లో ములకలపల్లి హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ని. ముత్తక్క పొట్టి మనిషి, గట్టి మనిషి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఇప్పపువ్వు, ఎండలు ముదిరితే తునికాకు, వానలు పడితే చేను. మధ్యలో గూడెంలో ఎవరింటి గోడ పెచ్చులూడినా ఆమెనే పిలిచేవాళ్లు. ఎర్రమట్టిలో పేడ, వరిపొట్టు వేసి కాళ్లతో తొక్కి, అరచేత్తో గోడకు రాసేది. అది ఆరాక చేత్తో తడిమితే కొత్త కుండను తడిమినట్టుండేది.

నన్ను మొదటిసారి చూసినప్పుడు నా చేతిలో పుస్తకం ఉంది. ఈ సారు నడుసుకుంట చదువుతుండు, ఏదో ఒకనాడు వాగుల పడ్తడని పక్కనున్నామెతో నాకు వినపడేటట్టే అన్నది. ఆ వానాకాలం నిజంగానే జారిపడ్డాను. చూడ్డానికి వచ్చి, పుస్తకం తడిసిందా అని అడిగింది. నా మోకాలి సంగతి అడగలేదు.

ఆమెకో అలవాటుండేది. ఎక్కడి నుంచి లేచిపోయినా చెప్పి పోయేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మనం తల తిప్పితే, అంతే, ఆ చోటు ఖాళీ. గూడెంలో ఎవరూ దాన్ని తప్పు పట్టేవాళ్లు కాదు.

ఆమె మనవరాలు వనజ తొమ్మిదో తరగతిలో నా దగ్గర చదివేది. తండ్రి భీమయ్య, తల్లి ఏడాదిలో సగం రోజులు ఎర్రుపాలెం వైపు మిరప కోతలకు పోయేవాళ్లు. అందుకని పిల్ల అవ్వ దగ్గరే పెరిగింది. అవ్వ గోడ అలికేది. తడి ఆరకముందే పిల్ల బొమ్మలు వేసేది. తెల్లమట్టి, బొగ్గుపొడి, చివర నమిలిన ఈతపుల్ల, అంతే సరంజామా. కోళ్లు, ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్లు, నెత్తిన మేకతో పల్లెవెలుగు బస్సు. మళ్లీ అలికే దాకానే ఆ బొమ్మలకు ఆయుష్షు. విత్తనాల పండుగ ముందు గూడెంలో గోడలన్నీ కొత్తగా అలుకుతారు, పాత బొమ్మలు మట్టి కిందికి పోతాయి. అయ్యో, అంత మంచి బొమ్మలు పోయాయే అని నేనొకసారి బాధపడితే ముత్తక్కకు వింతగా తోచింది. కిందనే ఉన్నయి గద, యాడికి పోతయని నన్నే ఓదార్చింది.

రెండువేల ఆరులో, విత్తనాల పండుగ అయిన కొద్దిరోజులకు, పేపర్లో ఒక ప్రకటన చూశాను. బొమ్మలు వేసే చేయి ఉన్న పదిహేను, పదహారేళ్ల పిల్లలకు హైదరాబాద్‌లోని ఒక సంస్థ స్కాలర్‌షిప్ ఇస్తుందట. రెండేళ్లు పెద్ద చిత్రకారుల దగ్గర శిక్షణ, ఉండడానికి హాస్టలు, చదువూ ఆగదు. ఫోటో స్టూడియో రాంబాబును గూడేనికి తీసుకుపోయి గోడను ఫోటోలు తీయించి పంపాను. బొమ్మలు బాగున్నాయి, కానీ పిల్ల వేసినవా, పెద్దవాళ్ల చేయి ఉందా చూడాలి, ఫలానా రోజున మా మనిషి వస్తుందని జవాబు వచ్చింది.

భీమయ్య సంతోషం చెప్పలేను. మిరప తోటలో పిల్ల చేతులు మండకుండా ఉంటే అదే చాలన్నాడు. ముత్తక్క పంపుతాననీ అనలేదు, పంపననీ అనలేదు. నన్ను ఒక్క మాట అడిగింది.

"ఒచ్చేటామె బొమ్మను సూస్తదా, పిల్లను సూస్తదా?"

రెండూ అన్నాను. అవ్ అని తలూపింది. ఇంకేదో అడుగుతుందని చూసేసరికి అక్కడ లేదు.

ఆ రోజు పొద్దున్నే సైకిల్ మీద గూడెం చేరాను. ఇంటి ముందుకు వచ్చి చూస్తే గోడ తడితడిగా, ఎర్రగా, ఖాళీగా ఉంది. కోళ్లు లేవు, ఇప్పపువ్వు లేదు, బస్సూ లేదు, దాని మీది మేకా లేదు. భీమయ్య నెత్తిన చేతులు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ముత్తక్క తీరిగ్గా చేతులు కడుక్కుంటోంది.

"ఏంది ముత్తక్కా ఇది?"

"సుట్టాలొస్తుండ్రు గద సారూ. పాత గోడ ముందట కూసోబెడ్తమా?"

పక్కిళ్ల ఆడవాళ్లు కూడా మట్టి తొక్కడానికి సాయపడ్డారు. ఇంటికి మనిషి వస్తుంటే గోడ అలకాలన్నది తప్ప వాళ్లకు మరో ఆలోచన రాలేదు. వచ్చే మనిషి ఆ గోడ కోసమే వస్తోందన్నది ఎవరికీ తట్టలేదు. వనజ నా దగ్గరికి వచ్చి, అవ్వకు వినపడేటట్టే అన్నది.

"నన్ను పంపొద్దనే అలికింది సార్."

ముత్తక్క చేతులు కొంగుకు తుడుచుకుంది. తెల్లమట్టి ఒక చిప్పలో నానుతూ ఉంది. అది ఆ ఇంట్లో ఎప్పుడూ నానుతూనే ఉంటుంది కాబట్టి, దాన్ని పట్టుకుని నేను ఏదీ తేల్చలేను.

అంతలో హైదరాబాద్ సంస్థ నుంచి నిర్మలాదేవి గారు వచ్చారు. జీపు వాగు ఇసుకలో దిగబడితే, చెప్పులు చేత పట్టుకుని నడిచి వచ్చారు, వెనకే డ్రైవరు. గోడ వైపు చూసి బొమ్మ ఏదమ్మా అని అడిగారు. కింద ఉంది మేడం అన్నాడు భీమయ్య. ఆమె నేల వైపు చూశారు. నేను జరిగింది చెప్పాను. ఆమెకు నవ్వు వచ్చింది గానీ, పిల్ల వేసిందని తాను చూడకుండా పేరు రాయలేనని, ఇంకోసారి రావడం కుదరదని మెల్లగా చెప్పారు.

"గోడ ఆరిపోతున్నది" అన్నది ముత్తక్క, ఎవరి వైపూ చూడకుండా.

వనజ విసురుగా లేచింది. ఈతపుల్ల నమిలి చిప్ప అందుకుంది. మొదట వాగు వేసింది. అందులో చక్రాలు మునిగిన జీపు, దాన్ని తోస్తూ బోర్లాపడ్డ డ్రైవరు. చెప్పులు చేత పట్టుకున్న మేడం. వాళ్ల వెనక పుస్తకం చదువుకుంటూ నేరుగా వాగులోకి నడుస్తున్న నేను. గూడెమంతా నవ్వింది. డ్రైవరు కూడా ముందుకు వచ్చి, తన మీసం సరిగ్గా పడలేదని తగవు పెట్టుకున్నాడు.

తర్వాత పిల్ల ముఖం బిగుసుకుంది. గోడకు రెండో పక్క అవ్వను వేసింది. నేల నుంచి చూరు దాకా ఎత్తు. ఒక చంకన మట్టి తట్ట. రెండో చేత్తో పల్లెవెలుగు బస్సును అలికేస్తోంది. సగం బస్సు అప్పటికే అరచేతి కింద మాయమైంది, మేక ఒక్కటే బయటికి చూస్తోంది. నవ్వులు ఆగిపోయాయి. ముత్తక్క దగ్గరికి వచ్చి చాలాసేపు చూసింది.

"నా ముక్కు గంత పెద్దగుంటదా?"

"ఇంకా పెద్దది. గోడ సాల్లేదు" అన్నది వనజ వెనక్కి తిరగకుండానే.

ముందు నవ్వింది ముత్తక్కే. తర్వాత పిల్ల భుజాలు కూడా కదిలాయి. తాను అడగాల్సింది ఇంకేమీ లేదన్నారు నిర్మలాదేవి గారు. జీపును తోయడానికి గూడెం గూడెమంతా వాగుకు కదిలింది.

తొలకరి పడే వేళకు స్కాలర్‌షిప్ వచ్చినట్టు కబురు అందింది. ఒకనాడు దారిలో ముత్తక్కను ఆపి సూటిగా అడిగాను. పిల్లను పంపడం ఇష్టం లేక అలికావా, వాళ్ల కళ్ల ముందే వేయించాలని అలికావా, లేక నిజంగా చుట్టాల కోసమేనా?

"మీ ఇండ్లల్ల సుట్టాలొస్తే అలకరా సారూ?" అన్నది. మావి సిమెంటు గోడలన్నాను. పాపం అన్నట్టు నా వైపు చూసింది.

హైదరాబాద్ పోయే రోజు ములకలపల్లి బస్టాండుకు నేనూ వెళ్లాను. తోడు భీమయ్య పోతున్నాడు. వనజ సంచిలో ముత్తక్క ఎర్రమట్టి ముద్ద ఒకటి గుడ్డలో చుట్టి పెట్టింది. అక్కడ కాగితం ఇస్తారు, గుడ్డ ఇస్తారు, మట్టి ఎందుకని నేనంటే, కాయితం అలకొస్తదా అని ఎదురు అడిగింది. నాతో పాటు టీ తాగింది, చక్కెర తక్కువైందని హోటలతన్ని రెండు మాటలన్నది. బస్సు ఎక్కిన వనజ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"అవ్వా, ఆ బొమ్మ మీద అలకకు."

"మళ్ల ఇత్తనాల పండుగ దాక ఉంచుత. అప్పుడు అలుకుత, నువ్వొచ్చి గియ్యి."

"అలకకంటే అలకకు."

"ముక్కు సిన్నగ గియ్యి, అప్పుడు సూద్దాం."

వనజ నవ్వుతూ నా వైపు తిరిగి, పుస్తకాలు జాగ్రత్త సార్ అన్నది. కండక్టరు ఇంకా టీ తాగుతున్నాడు. ఈ పిల్లకు ఇంకో మాట ఏదైనా చెప్పవా అందామని పక్కకు తిరిగాను. కడిగిన టీ గ్లాసు బల్ల మీద బోర్లించి ఉంది. అడవి దారి మలుపు దగ్గర ముత్తక్క, తట్ట చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచిపోతోంది. బస్సు ఇంకా కదలనే లేదు.