పోటు వచ్చిన రోజు

ఆ రోజుల్లో, అంటే దక్షిణాఫ్రికా కొత్త జెండా రంగులింకా ఆరని రోజుల్లో, కోసీ బే సరస్సులు నాలుగింటినీ వరసగా దాటించి, నూరు నీటిగుర్రాల మధ్య నుంచి హిందూ మహాసముద్రం దాకా పడవ నడిపిన తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. (నూరు కాదులెండి, రెండు. రెండోది రాయి కావచ్చు.) అయినా నాకు దక్కింది తిట్లు. ఆ మంట ఇంకా చల్లారలేదు. న్యాయం మీరే చెప్పండి.

అప్పుడే కరీంనగర్ నుంచి టోంగాట్ దగ్గరి చక్కెర మిల్లుకు ఇంజనీరుగా వచ్చాను. మా ఫోర్‌మన్‌ను అందరూ పడవన్న అనేవారు. ఆయన ముత్తాత చెరకు కొట్టడానికి కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవాడు. పడవన్న తెలుగులో సగం క్రియలు ఎప్పుడో సెలవు పుచ్చుకున్నాయి; నేను రోజూ దిద్దేవాణ్ణి. ఆయన ఇంటి వెనక స్వయంగా పడవ కట్టి, పదేళ్లు టార్పాలిన్ కింద దాచుకున్నాడు. మంచి రేవులన్నిటికీ 'తెల్లవాళ్లకు మాత్రమే' బోర్డులుండేవి మరి. బోర్డులు పీకేశాక ఆయనకు ఒకటే కోరిక: సరస్సుల వెంట పోయి పడవ ముక్కుకు ఉప్పునీళ్లు తగిలించాలి. సెలవు మూడు రోజులే. రెండు రోజులు ఆయన నడిపాడు, నేను అడుగున ఊరే నీళ్లు తోడాను. మూడోనాడు తెల్లారగానే చుక్కాని నా చేతికిచ్చాడు.

"పోటు ఉండాది, తమ్ముడా. ఏడుకి ఫుల్లు. తిరిగితే మన పని ఫినిష్. షేషా, షేషా," అని తొందరపెట్టాడు.

"పోటా? ఎక్కడ, అన్నా?"

"ఎక్కడ ఏంది, అంతా."

"ఎప్పట్నుంచి?"

"రోజూ రెండుసార్లు వస్తాది గదా, మ్యాన్," అని మొహం మీద టోపీ వేసుకుని పడుకున్నాడు.

మా వైపు పోటంటే కడుపులోనో గుండెలోనో పొడిచేది. ఒళ్లంతా పోట్లతో, రోజుకు రెండుసార్లు బాధపడే మనిషిని సముద్రంలోకి తీసుకుపోతానా? ముందురోజు దారిలో ఒడ్డున క్లినిక్ బోర్డు చూశాం. పడవ వెనక్కి తిప్పాను.

అరగంటకు ఆయన లేచాడు. మొహాన కొట్టాల్సిన ఎండ వీపున కొడుతోంది.

"ఎక్కడ పోతావ్?"

"క్లినిక్‌కు, అన్నా. మీకు పోటు కదా."

ఆయన నన్ను చూశాడు, నీళ్లను చూశాడు. "సముద్రం పోటు, గాడిదా. నీళ్లు పైకి వస్తాది, కిందికి పోతాది. మా అవ్వ మాట అది. నీ తెలుగులో లేదా?"

పదో తరగతిలో తెలుగులో ఫస్టు నేను. కరీంనగర్‌లో సముద్రం మ్యాపులో తప్ప ఎక్కడుంది? అది నా తప్పా? ప్రాణం కాపాడబోతే గాడిదా?

మళ్లీ తిరిగి వెళ్లేసరికి నీళ్లు దిగిపోయాయి. పడవ ఇసకలో కూర్చుంది. అలల చప్పుడు వినిపిస్తోంది, అల కనిపించదు. పొద్దు వాలుతుండగా పడవ కింద ఇసక మెల్లగా తడిసింది, ముక్కు లేచింది. ఆయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు.

కాబట్టి మేం సముద్రం దాకా పోలేదు, అదే మా దాకా వచ్చింది. నిన్న ఇదంతా ఫోన్లో చదివి వినిపిస్తే, ఎనభై దాటిన పడవన్న చివరిదాకా విన్నాడు.

"నాలుగు సరస్సులు నువ్వు నడిపినావా? నువ్వు నడిపింది అరగంట, తమ్ముడా. అదీ వెనక్కి."