నాన్న నొక్కిన మాటలు

గొంతులో గడ్డ అని ఆపరేషన్ చేసి, డాక్టర్లు నాన్న స్వరపేటిక తీసేశారు. ఏళ్ళ తరబడి సిటీ బస్సులో కండక్టరుగా అరిచిన మనిషి, ఎల్‌బీ నగర్‌లోని మా కిరాయి ఇంట్లో పెదాలు మాత్రం కదిలిస్తూ కూర్చునేవాడు. కాగితం మీద ఎలాగో రాయగలడు. కానీ పగలంతా ఆయన దగ్గరుండేది అమ్మ. అమ్మకు చదువు రాదు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ప్రశ్నపత్రాలు టైపు చేసేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇద్దరూ చెరో గదిలో ముఖాలు ముడుచుకొని ఉండేవాళ్ళు. అడిగింది అర్థం చేసుకోలేదని ఆయనకు కోపం. నోరు లేని మనిషితో ఎలా పోట్లాడాలో తెలియక ఆమెకు ఏడుపు.

ఒక ఆదివారం నా పాత ల్యాప్‌టాప్ తీసి, పైవరుసలో ఎఫ్1, ఎఫ్2 అని ఉండే మీటలకు మాటలు పెట్టాను. నా గొంతుతోనే రికార్డు చేశాను. ఒకటి నొక్కితే "నీళ్లియ్యి", పక్కది నొక్కితే "నొప్పి లేస్తుంది", ఆ పక్కది "ఆకలైతుంది". అయితే కింద మూలనున్న ఎఫ్ఎన్ మీటను కూడా పట్టుకొని నొక్కితేనే అవి పలికేవి. విడిగా నొక్కితే తెర వెలుగు తగ్గడమో, సౌండ్ ఆగిపోవడమో. రెండు మీటలూ ఒకేసారి నొక్కడం నాన్నకు కుదిరేది కాదు. మర్నాడే నీళ్లడగబోయి తెర చీకటి చేసుకున్నాడు.

"మీ నాయిన దాన్ని ఖరాబ్ చేసిండు బిడ్డా, జర జల్ది రా," అని అమ్మ ఫోన్ చేసింది.

ఆ సాయంత్రం కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో వెతికి వెతికి, ఒక్క మీటతోనే పలికేలా మార్చాను. అప్పట్నుంచి రాత్రుళ్ళు కూడా నా గొంతే నన్ను నిద్రలేపేది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఎప్పుడు బస్సులు ఆగిపోతాయో తెలిసేది కాదు. అలా ఆగిన ఒక రోజు, కొత్తపేట మీదుగా ఎండలో నడిచి ఇల్లు చేరాను. చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి నా గొంతే వినిపించింది: "ఆకలైతుంది." పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. అమ్మ గబగబా గిన్నెలో జావ పోసి నాన్న ముందు పెట్టింది. నేను గడప మీదే కూలబడ్డాను. నా గొంతంటే నాకే విసుగు పుట్టింది.

మా పక్కింట్లో గుంటూరు నుంచి వచ్చిన లెక్కల సారు ఉండేవారు. ఆపరేషన్‌కు ముందు, రాష్ట్రం గురించి ఆయనకూ నాన్నకూ ప్రతి ఆదివారం వాదనే. ఇప్పుడు వచ్చినా, "ఒంట్లో ఎలా ఉందండీ అన్నగారూ?" అని అడిగి, టీ తాగి, తల వంచుకొని వెళ్ళిపోయేవారు. ఒకసారి ఆయన వెళ్ళాక నాన్న కాగితం లాక్కొని వంకరటింకరగా రాశాడు: "సార్ నాతోని కొట్లాడుతలేడు." దాని కింద, నేను రికార్డు చేయాల్సిన మాట కూడా రాశాడు.

తర్వాతి ఆదివారం సారు టీ గ్లాసు కింద పెట్టి లేవబోతుంటే నాన్న మీట నొక్కాడు.

"గట్లెట్ల అయితది సార్? మా రాష్ట్రం మాకు గావాలె!" అంది నా గొంతు.

సారు బిత్తరపోయి నావైపు చూశారు. నేను నాన్నవైపు చూపించాను. సారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ కూర్చున్నారు.

"మరి హైదరాబాద్ సంగతేంటండీ? అది తేల్చకుండా రాష్ట్రం అంటే ఎలాగండీ?"

నాన్న అదే మీట మళ్ళీ నొక్కాడు.

"అడిగినదానికి జవాబు చెప్పండి, అన్నగారూ!"

మళ్ళీ నొక్కాడు. సారు గొంతు పెంచారు. నాన్న భుజాలు అదిరేలా, శబ్దం లేకుండా నవ్వాడు. "ఏందిది, ఇద్దరూ చిన్నపోరగాండ్ల లెక్క," అని అమ్మ వంటింట్లోంచి కసురుకుంది. ఆ అరుపుల మధ్యే గోడకు ఆనుకొని నేను నిద్రపోయాను. ఆపరేషన్ అయ్యాక అంత ఒళ్ళు తెలియని నిద్ర అదే మొదలు.

రాష్ట్రం వచ్చేదాకా వాళ్ళ వాదన అలాగే నడిచింది. నేను మాత్రం ఆ కాస్త నిద్ర కోసం ఆదివారాలకు ఎదురుచూసేదాన్ని.