అంటుకుంటాయని చెప్పాను

మా ఇంట్లో చేపలు వండిన రోజు నాకు ముద్ద దిగదు. నా ఒంటికి చేపలు పడవని చెప్పి తప్పించుకుంటాను. మా ఆయన నమ్మాడు, చుట్టాలు నమ్మారు. చేపలమ్మి బతికిన ఇంటి కోడలికి చేపలు పడకపోవడమేమిటని చాటుగా నవ్వుకునేవాళ్లూ ఉన్నారు. నవ్వుకోనీయండి. నాకు పడనిది చేప కాదు, చాలా ఏళ్ల కింద మా అత్తమ్మతో నేనన్న ఒక్క మాట. దాన్ని ఇన్నేళ్లూ లోపలే పెట్టుకుని తిరిగాను. వంట చేస్తూ, బడి నడుపుతూ, బతుకమ్మ ఆడుతూ కూడా. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరు నా మొహం చూడరు కనుక చెప్పగలుగుతున్నానేమో.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ధర్మసాగర్ పక్కనే ఒక ఊరు. పేరెందుకులెండి. పిల్లలకు నులిపురుగుల మాత్ర చప్పరింపజేసి, సబ్బుతో చేతులు ఎట్లా తోముకోవాలో పాట పాడి మరీ నేర్పేదాన్ని. పురుగులు చేతి నుంచి నోటికి, ఒకరి నుంచి ఇంకొకరికి ఎట్లా పోతాయో తల్లులను కూర్చోబెట్టి చెప్పేదాన్ని. మా అత్తమ్మ కూడా ఆ తల్లుల వెనక నిలబడి వినేది. కోడలు నలుగురి ముందు మాట్లాడుతుంటే ఆమెకు మహా గర్వం. నేను చెప్పింది ఆమెకు వేదం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను దాన్నే వాడుకున్నాను.

ఆమె చెరువు చేపలు గంపకెత్తుకుని పొద్దున్నే ఆటోలో హనుమకొండ పోయి అమ్మేది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, ఒళ్లు కడుక్కుని, చీర మార్చుకుని, నా కూతురిని ఒళ్లో వేసుకునేది. పిల్లకు అప్పటికి నాలుగేళ్లు నిండలేదు. నాయనమ్మ చేత్తో తప్ప తినేది కాదు. అత్తమ్మ ఎదురింటావిడతో మాట్లాడుతూనే ఉండేది, కళ్లు ఎక్కడో ఉండేవి, వేళ్లు మాత్రం చేప ముక్కను నలుపుతూ ముల్లును వెతికి పక్కన పెట్టేవి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా పిల్ల గొంతులో ముల్లు పడలేదు. నేను పెట్టబోతే నోరు బిగించేది. "నీ చెయ్యి కారం" అనేది. పిల్ల నీకు పుట్టిందా, మీ అత్తకు పుట్టిందా అని వాడకట్టంతా ఆటపట్టించేది. నేనూ నవ్వేదాన్ని.

ఆ ఏడే ఆమె కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. పసరు పోయించాం, పథ్యం పెట్టాం. తగ్గలేదు. ఒళ్లంతా దురదలు, మనిషి సగమైంది. హనుమకొండలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే స్కానింగు తీసి, మా ఆయననూ నన్నూ లోపలికి పిలిచారు. కాలేయం నుంచి పైత్యరసం దిగే గొట్టంలో క్యాన్సరట. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందట. రసం దిగడానికి వచ్చే వారం ఒక చిన్న గొట్టం వేసి పంపిస్తాం, ఉన్నన్నాళ్లు మంచిగా చూసుకోండి అన్నాడు డాక్టరు.

ఆయన చిన్న వయసువాడు, ఓపికస్తుడు. మాది చేపలమ్మే ఇల్లని విని, పచ్చి చేపలు తినే అలవాటేమైనా ఉందా అని అడిగాడు. పులుసు మరగకుండా మేం పొయ్యి మీంచి దించం సార్ అన్నాను. ఊరికే అడిగానని చెప్పి, కొన్ని దేశాల్లో చెరువుల్లో, నదుల్లో దొరికే చేపలను సరిగా ఉడకకుండానే తింటారని, ఆ చేపల్లోని ఒక రకం పురుగు మనిషి పైత్యనాళంలో చేరి ఏళ్ల తరబడి కాపురం చేస్తుందని, అది ఉన్నచోట వాచి వాచి చివరికి క్యాన్సరుకు దారి తీస్తుందని చెప్పాడు. ఈమెది అది కాదు, ఎందుకొచ్చిందో చెప్పలేం అన్నాడు. లేవబోతూ నేను ఒకటే అడిగాను. పిల్లతో ఒకే కంచంలో తింటుంది సార్, ఏమన్నా అంటుకుంటుందా అని. అంటుకోదమ్మా, హాయిగా తిననీయండి అన్నాడు. స్పష్టంగా అన్నాడు. నేను స్పష్టంగా విన్నాను.

క్యాన్సరని ఆమెకు చెప్పొద్దని బయట మెట్ల మీద నేనూ మా ఆయనా అనుకున్నాం. ఆ పేరు వింటే అక్కడే కూలబడుతుంది. మా వైపు ఎవరింట్లోనైనా అదే చేస్తారు. ఆ అబద్ధం ఇద్దరిదీ, ప్రేమతో ఆడింది, దానికి నేనేమీ సిగ్గుపడటం లేదు. ఆయన మందులకు పోయాడు. నేను పోయి ఆటోలో అత్తమ్మ పక్కన కూర్చున్నాను.

"ఏమన్నడు బిడ్డా డాక్టరు?"

"కడుపుల పురుగులున్నయట అత్తమ్మా. పైత్యం దిగే తొవ్వకు అడ్డం పడ్డయట."

డాక్టరు నోట విన్న పురుగే నా నోట్లోంచి వచ్చింది. ముందే అనుకున్నది కాదు. ఆమె నా మొహంలోకి చూసి, నవ్వింది. కామెర్లు వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

"నట్టల పురుగులా? గంతేనా. గొర్లకు పడ్డట్టు నాకు పడ్డయా. నేను ఇంకేందో అనుకొని బుగులు పడ్డ."

"గంతే అత్తమ్మా. ఫికర్ చెయ్యకు."

ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మరి పోరికి అంటుకుంటయా బిడ్డా?"

అంటుకోవు అని ఒక్క మాట అంటే అయిపోయేది. డాక్టరు ఇప్పుడే ఇచ్చి పంపిన మాట. నేను కొత్తగా కల్పించే పని కూడా లేదు.

"అంటుకుంటయ్ అత్తమ్మా. జర పైలంగుండు."

ఎందుకన్నాను? చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు కదా, పురుగులని చెప్పి అంటుకోవంటే ఆమెకు అనుమానం రాదా, ఊరందరికీ చేతులు కడుక్కోమని నేనే చెప్పానాయె, అని. బాగానే ఉంది జవాబు. కానీ ఇవి వేరే రకం పురుగులు, అంటుకోవు అని ఉంటే ఆమె నమ్మేది. నేనేం చెప్పినా నమ్మేది. ఆ సంగతి నాకు తెలియదా?

మర్నాటి నుంచి ఆమె తన కంచం, తన గిలాస విడిగా పెట్టుకుంది. ఎవరూ అడగలేదు, తనే వంటింటి కిటికీలో పెట్టుకుంది. చాప గడప పక్కకు మార్చుకుంది. చేపల గంప వాడకట్టులో ఇంకొకామెకు ఇచ్చేసింది. గోళ్లు మొదలంటా కత్తిరించుకుని, నేను బడిలో నేర్పినట్టే వేళ్ల సందులు, మణికట్టు, అన్నీ సబ్బుతో తోముకునేది. చర్మం పగిలేదాకా తోముకునేది. పిల్ల పరుగెత్తుకుంటూ వస్తే రెండు చేతులూ పైకెత్తేసేది. నాయినమ్మ చేతులకు పురుగులున్నయ్ బిడ్డా, అమ్మ కాడికి పో, అనేది. పిల్ల మొదట్లో కింద పడి ఏడ్చింది. తర్వాత అలిగింది. ఆకలి ఎన్నాళ్లు అలుగుతుంది? ఒక మధ్యాహ్నం వచ్చి నా ముందు నోరు తెరిచింది.

ముల్లు తీయడం నాకు సరిగా రాదు. అత్తమ్మ గడప దగ్గరి నుంచే చెప్పేది. వీపు కాడిది వద్దు బిడ్డా, పొట్ట కాడిది తియ్యి. కండ్లతోని కాదు, ఏలితోని ఒత్తి చూడు. తన పనిని అంత దూరం నుంచి, అంత ఓపికగా నాకు నేర్పింది. నేర్చుకున్నాను.

అప్పుడప్పుడూ పిల్లలకిచ్చే మాత్ర తనకూ ఇవ్వమని అడిగేది. ఒక మాత్ర చేతిలో పెట్టేదాన్ని. ఆమె రోగానికి అది ఏమీ చేయదని తెలిసే పెట్టేదాన్ని. చప్పరించి, తియ్యగున్నదని మెచ్చుకుని, కొంచెం సిగ్గుపడుతూ అడిగేది, పోయినయా బిడ్డా అని. అదిగో, అక్కడ మళ్లీ నాకు దారి దొరికింది. క్యాన్సరు ఊసెత్తనక్కర్లేదు. మా ఇద్దరి అబద్ధం అట్లాగే ఉంచి, పురుగులు పోయినయ్ అత్తమ్మా, ఇగ పిల్లకు తినిపించు, అంటే చాలు. ఇంకా ఉన్నయట, అన్నాను. ఆమె అడిగిన ప్రతిసారీ అదే అన్నాను. పొద్దున పోతే రాత్రికి గానీ రాని మా ఆయన, అమ్మ పిల్లను దగ్గరికి రానిస్తలేదేంది అని అడిగితే, నీరసం అన్నాను.

భయపడ్డానా? ఆ మాట రాసుకుంటే ఎంత సుఖంగా ఉండేదో. పిల్లకు ఏమైనా అవుతుందేమోనని తల్లి మనసు భయపడిందని రాస్తే మీరు కూడా నా తల నిమిరేవారు. కాదు. డాక్టరు మాట నేను నమ్మాను. ఇంతదూరం వచ్చాను కనుక అసలు సంగతి రాసేస్తాను. నాకది బాగుంది. పిల్ల నా చేతి ముద్ద తింటూ నా వేలిని చిన్నగా కొరికినప్పుడు, అన్నం తిని నా ఒళ్లోనే నిద్రపోయినప్పుడు, కన్నందుకు ఇన్నాళ్లకు తల్లినయ్యాననిపించింది. గడప దగ్గర ఆ ముసలి మనిషి ఆ నిద్రనే చూస్తూ కూర్చుందని నాకు తెలుసు. ఇంకొన్నాళ్లు, అనుకున్నాను. ఆమెకు ఇంకొన్నాళ్లు లేవని కూడా తెలిసే అనుకున్నాను. ఎవరి ముందు నేను ఇంత చిన్నదాన్నయ్యాను? ఆమె ముందు కాదు. ఆమెకు నేను చివరిదాకా బంగారు కోడలినే.

ఆమె ఇక లేవలేని స్థితికి వచ్చాక చెప్పాను. పోయినయ్ అత్తమ్మా, అన్నీ పోయినయ్. ఆమె మొహం ఎట్లా వెలిగిందో రాయలేను. చేతులు కడగమంది. నేనే నీళ్లు పోసి, సబ్బు రాసి కడిగాను. వేళ్లు చీపురుపుల్లల్లా అయ్యాయి. పొద్దుటి చేపల పులుసు ఉంటే అన్నంలో కలిపి కంచం ముందు పెట్టాను. గోడకు ఆనుకుని కూర్చుని, చాలాసేపు తీసుకుని ఒక ముద్ద చేసింది. పిల్లను పిలిచింది.

పిల్ల నా కొంగు పట్టుకుని వెనక్కి జరిగింది. "నాయినమ్మ చేతికి పురుగులుంటయ్. నాకొద్దు."

ఎంత బతిమాలినా రాలేదు. ముద్ద పట్టుకున్న చేయి కాసేపు అట్లాగే ఉంది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. లేదు. నావైపు చూసి, "మంచిగ నేర్పినవ్ బిడ్డా, పోరి పైలంగుంటది" అంది. ఎత్తిపొడుపు కాదు. ఆమెకు ఎత్తిపొడవడం రాదు. నిజంగా మెచ్చుకుంది.

నాకు పెట్టు అత్తమ్మా, అన్నాను. ఆమె నా నోట్లో పెట్టింది. ఆ వేళ్లతో కూడా ముల్లు తీసే పెట్టింది. తర్వాత ఆమె ఎక్కువ రోజులు బతకలేదు.

నా కూతురు ఇప్పుడు హైస్కూల్లో ఉంది. మొన్న పెత్రమాసకు పెద్దలకు పెట్టుకునేటప్పుడు, ఫోటోకు దండ వేస్తూ మామూలుగా అడిగింది. "మమ్మీ, నాయినమ్మకు నేనంటే ఇష్టం లేకుండెనా? దగ్గరికి పోతే చేతులు పైకెత్తి వద్దనేది. నాకు గదొక్కటే యాదికున్నది."

గదొక్కటే. ఒళ్లో తిన్న అన్నం, ముల్లు తీసిన ఆ వేళ్లు ఒక్కటీ లేవు. ఆమె చివరి నెలలనే నేను తీసుకున్నాననుకున్నాను. ముందటి ఏళ్లన్నీ కూడా తీసేసుకున్నానని మొన్ననే తెలిసింది. ఇష్టమే ఉండె బిడ్డా, అన్నాను. పిల్ల నమ్మలేదు. పెద్దవాళ్లు అట్లాగే అంటారులే అన్నట్టు చూసి వెళ్లిపోయింది. నేను వెనక పోలేదు.

క్షమించమని ఎవరిని అడగను? అడగాల్సిన మనిషి లేదు. ఉన్నా, ఆమె క్షమించేస్తుంది. అది ఇంకా భరించలేను. చెప్పాల్సిన మనిషి మాత్రం ఉంది, పక్క గదిలో చదువుకుంటోంది. చెప్పాల్సింది కూడా పెద్దదేమీ కాదు. మీ నాయనమ్మ నీకు దూరంగా కూర్చోలేదు తల్లీ, నేను కూర్చోబెట్టాను.

ఇంకా చెప్పలేదు. కానీ ఈ మాట అనడానికి నాకు నోరు తిరుగుతుందని ఇవాళే తెలిసింది.