పట్టుపురుగుల షెడ్డులో ఊదు

మా ముత్తాత మాలీ పటేల్. మా ఊరు సాతంరాయి చుట్టుపక్కల శిస్తంతా ఆయన చేతుల మీదుగానే పోయేది. తాత పోలీసు పటేల్. పంచాయితీకి వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచి, ఆయన కూర్చోమన్నాకే కూర్చునేవారు. పటేల్‌గిరీ పోయాక ఆయన బావి కింద మల్బరీ నాటించి పట్టుపురుగులు పెంచాడు. మా ఇంట్లో ఎవరూ దాన్ని తక్కువ పనిగా చూడలేదు.

తాతనాటి పట్టుగూళ్లు పసుపుపచ్చగా, చిన్నగా ఉండేవి. ఆ పురుగులు మన ఎండను తట్టుకునేవి గానీ దారం పొట్టిగా వచ్చేది. నాన్న కాలానికి పరిశోధకులు వాటిని చలిదేశాల తెల్లగూళ్ల జాతితో కలిపారు. గూడు బరువెక్కింది. నా చేతికి వచ్చేసరికి మన ఎండలో బతికే తెల్లగూళ్ల జాతినే తయారు చేశారు. తాత ఆకును సన్నగా తరిగించి వెదురు తట్టల్లో వేయించేవాడు. నేను కొమ్మలకు కొమ్మలే పరిచేవాణ్ణి. ఏ మార్పు వచ్చినా ఈ చుట్టుపక్కల మా షెడ్డులోకే ముందు వచ్చింది. అందుకు నాకు గర్వమే.

విమానాశ్రయం వచ్చాక చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. అత్తాపూర్‌లో ఉండే మా అన్న మల్బరీ తోటను కూడా అమ్ముదామని పట్టుబట్టాడు. చివరికి ఒక మాట మీద ఆగాం. కొత్త జాతిని రైతుల దగ్గర పరీక్షించడానికి పరిశోధన కేంద్రం మా షెడ్డును ఎంచుకుంటే తోట ఉంటుంది, లేకపోతే లేదు. కేంద్రం వాళ్లు ఒక పంటకు పురుగులిచ్చి, మా పెంపకం చూస్తామన్నారు.

పురుగులు చక్కగా పెరిగాయి. నాలుగో జ్వరం కూడా దాటాయి, అంటే చివరిసారి పొర విడిచాయి. విమానం దిగిన చప్పుడు ఆగగానే అవి ఆకు కొరికే చప్పుడు వినిపించేది. కేంద్రం నుంచి శాస్త్రవేత్త వచ్చే రోజు అన్న కూడా వచ్చాడు. ఆమెను తీసుకురావడానికి మేమిద్దరం రోడ్డు దాకా వెళ్లాం. తిరిగి వచ్చేసరికి షెడ్డు నిండా పొగ. మా మేనత్త ఊదు వేసే వెండి గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. పెద్ద అధికారిని ఊదు వేయని గదిలోకి పిలవకపోవడం మా ఇంటి ఆచారం.

“అయ్యో, వాటికి పొగ పడదండీ! ముందు కిటికీలు తీయించండి,” అంది శాస్త్రవేత్త.

“ఏంది పడకపోయేది? కలెక్టరొచ్చినా మా ఇంట్ల గిట్లనే ఏసినం,” అంది అత్త.

“కలెక్టరు ఆకు తినడు గద అత్తా,” అన్నాడు అన్న.

కిటికీలు తీశాం. పురుగులు తలలెత్తాయి గానీ ఆకు ముట్టలేదు. చాలా చచ్చిపోయాయి. మిగిలినవి కట్టిన గూళ్లు పలచన.

శాస్త్రవేత్త మళ్లీ వచ్చి ఆ గూళ్లు చూసింది. “ఈ పంటను లెక్కలోకి తీసుకోలేను. అయినా మీ పెంపకం బాగుందండీ. ఇంకో అవకాశం ఇమ్మని ఒక్క దరఖాస్తు పెట్టండి, నేను చెబుతాను,” అంది.

“పెట్టరాదుర, ఒక్క కాగితమే గద,” అంది అత్త.

మా గడపలోకి దరఖాస్తులు వచ్చేవి. ఇక్కణ్ణుంచి ఒక్కటీ పోలేదు. శాస్త్రవేత్తకు చాయ్ ఇప్పించి, కారు దాకా సాగనంపాను. అత్తను ఒక్క మాట అనలేదు. ఆమె చేసింది మా ఇంటి పద్ధతే. అన్నకు నేనే ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

“ఇగ నువ్వే చెప్పు,” అన్నాడు.

“మాటంటే మాటే అన్నా,” అన్నాను.

మల్బరీ తోట, బావి, షెడ్డు కలిపి గోదాములు కట్టేవాళ్లకు అమ్మాం.