వాచీలో డెబ్బై ఆరు

మేముండేది ఎల్‌బీ నగర్‌లో, లిఫ్టు లేని అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో. మెట్లెక్కి వచ్చి గుమ్మంలో ఆయాసపడుతుంటే మా ఆవిడే నన్ను బలవంతంగా డాక్టరు దగ్గరికి పంపింది. షుగరు అంచు దాకా వచ్చిందనీ, రోజూ నడవకపోతే మందులు తప్పవనీ ఆయన చెప్పాడు. ఇరవై రెండేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతున్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బోర్డు ముందు నిలబడేవాడికి వేరే నడక దేనికని అనుకునేవాణ్ణి. నిలబడటం నడవటం కాదని ఆయన దగ్గరే తెలిసింది.

ఆ వారమే మెట్రో స్టేషన్ కింద మొబైళ్ల షాపులో ఒక చవక స్మార్ట్‌వాచీ కొన్నాను. షాపాయనది నా వయసే. పెట్టె విప్పి, వాచీ నా చేతికి తనే కట్టి చూపించాడు.

"నడక, నిద్ర, గుండె, ఆక్సిజన్, అన్నీ చూపెడ్తది సార్. జర డౌటొస్తే చేతి దిక్కు చూసుకుంటే చాలు. ఊకె దవాఖానల సుట్టు తిరిగే పనుండది."

నేను నవ్వాను. ఫిజిక్స్ మాస్టారికి ఒక కొలిచే పరికరం దొరికితే ముందు దాన్నే కొలుస్తాడు. ఆదివారం కాలనీ పార్కులో వెయ్యి అడుగులు నోటితో లెక్కపెట్టుకుంటూ నడిచాను. వాచీ వెయ్యిన్నూట నలభై అంది. మళ్లీ వెయ్యి నడిస్తే తొమ్మిది వందల ఎనభై అంది. బోర్డు మీద లెక్క చేస్తుంటే చెయ్యి ఊగినందుకు అడుగులు లెక్కేసింది. బస్సు గుంతల్లో ఎగిరినప్పుడల్లా నేను నడిచినట్టే రాసుకుంది. సోఫాలో పడుకుని టీవీ చూస్తే నిద్రపోయానంది. ఊరికే కూర్చున్నప్పుడు మాత్రం నాడి దాదాపు సరిగ్గానే చూపించేది, వేలితో పట్టి చూసుకున్నదానికి రెండు మూడు అటూ ఇటూగా. మెట్లెక్కిన వెంటనే చూస్తే మటుకు ఎప్పటిదో పాత అంకె పట్టుకుని కూర్చునేది. ఇవన్నీ ఒక పాత నోట్‌బుక్కులో రాసుకున్నాను. మంచి గుణాలూ రాశాను. చార్జింగ్ వారం దాకా వచ్చేది. క్లాసులో ఫోను మోగకుండా మణికట్టు మీద చిన్నగా అదిరి చెప్పేది. వానలో తడిసినా ఏమీ కాలేదు.

ఒకరోజు తువాలు చుట్టగా చుట్టి దానికి వాచీ కట్టాను. గుండె వేగం అరవై ఎనిమిది అని చూపించింది. కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న మా ఆవిడను పిలిచి చూపించాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

"మీకన్న తువాలే నయం. మంచిగ ఆరాంగ కొట్టుకుంటున్నది."

మా ఆవిడది నల్గొండ దగ్గర పల్లె. వాళ్ల నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. నేను కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఆ ఇంట్లో పైగది కిరాయికి తీసుకున్నాను. అలా మొదలైన పరిచయం మాది. పిల్లలు లేరు. ముందుగదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టేది. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో పెళ్లంటే ఆడవాళ్లు ముందు మా మెట్లే ఎక్కేవాళ్లు.

మర్నాడు ఆ తువాలును క్లాసుకు పట్టుకెళ్లి అందరి ముందూ వాచీ కట్టి చూపించాను. పిల్లలు గొల్లుమన్నారు. "పరికరం ఏదో ఒక అంకె చెబుతుంది. అది మనం అడిగిన ప్రశ్నకు జవాబో కాదో చూసుకోవలసింది మనమే" అన్నాను. ఈ మాట నా నోటితో, సుద్దముక్క చేత్తో పట్టుకుని, నేనే అన్నాను.

అంతా తెలిసీ దానికి అలవాటు పడ్డాను. మూడు నెలల్లో షుగరు తగ్గింది. పొద్దున లేవగానే కళ్లజోడు కన్నా ముందు వాచీ వెతుక్కునేవాణ్ణి. ఆకుపచ్చ రంగులో 'నార్మల్' అని కనిపిస్తే ఆ రోజుకి నాకేమీ కాదన్నట్టు ఉండేది.

పెళ్లిళ్ల రోజులవి. ఒక ఆదివారం పొద్దున పదింటికి డైనింగ్ టేబుల్ మీద మోడల్ పరీక్ష పేపర్లు పరుచుకుని దిద్దుతున్నాను. మధ్యాహ్నానికల్లా మార్కులు పంపాలి. మా ఆవిడ మిషన్ ఆపి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఒంట్ల ఎట్లనో ఉన్నది. దవడ గుంజుతున్నది. ఎడమ చెయ్యి కూడ బరువుగున్నది."

"రాత్రంతా ఆ మిషన్ మీద కూర్చుంటే చెయ్యి లాగక ఏం చేస్తుంది?" అన్నాను తలెత్తకుండానే.

"అది కాదు. జర దవాఖానకు పోయొద్దామా?"

ఆమె దవాఖానకు పోదామని అడగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. జ్వరం వచ్చినా మాత్ర వేసుకుని మిషన్ ఎక్కే మనిషి. అది నాకు తట్టాల్సింది. తట్టలేదు. నా చేతి వాచీ విప్పి ఆమె చేతికి కట్టాను. గాజులు పైకి జరిపి, బిగించి, ఇద్దరం తెర వైపు చూస్తూ నిలబడ్డాం. డెబ్బై ఆరు. ఆక్సిజన్ తొంభై ఎనిమిది. రెండూ ఆకుపచ్చ.

"చూశావా, నార్మల్‌గా ఉంది. గ్యాస్ అయ్యుంటుంది" అన్నాను.

"అట్లనా" అంది. గ్యాస్ మాత్ర ఇచ్చాను. వెళ్లి పడుకుంది.

పన్నెండింటికి మళ్లీ పిలిచింది. "ఇంకా తగ్గుతలేదు." పెన్ను చేతిలోనే పట్టుకుని గదిలోకి వెళ్లి, ఆమె ముఖం కాదు, మణికట్టు చూశాను. ఎనభై ఒకటి. "ఇంకాసేపు చూద్దాం. ఇంకా పది పేపర్లే ఉన్నాయి" అన్నాను. ఆమె గోడ వైపు తిరిగింది.

రెండు కాబోతుండగా వాంతి చేసుకుంది. లేపి కూర్చోబెట్టబోతే జాకెట్టు వీపంతా తడిసిపోయి ఉంది. ముఖం బూడిద రంగులోకి మారింది. కింది అంతస్తాయన, నేనూ కలిసి కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులు దించాం. వీధి చివర ఆటో దొరికింది. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆమె తల నా భుజం మీద ఉంది. "ఇంట్ల బట్టలున్నయి, పెండ్లోల్లయి. కట్ చేసి పెట్టిన. వాపసిచ్చెయ్యుండ్రి" అంది. ఏం కాదన్నాను. పొద్దుటి నుంచీ నేను చెబుతున్నది అదే మాట.

ఆసుపత్రిలో ఈసీజీ తీసిన డాక్టరమ్మ కాగితం చూస్తూనే అడిగింది.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"పొద్దున పదింటికి."

"ఇప్పటిదాకా ఏం చేశారండీ?"

"వాచీ పెట్టి చూశాను మేడమ్. పల్స్ నార్మల్‌గానే ఉంది."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. కోపంగా కాదు. "పల్స్ ఇప్పుడూ నార్మల్‌గానే ఉంది. గుండెపోటు వచ్చిన చాలామందిలో అలాగే ఉంటుంది. రక్తనాళం మూసుకుపోయిందో లేదో అది చెప్పదు" అని నర్సును పిలిచి లోపలికి వెళ్లిపోయింది. మంచం పక్కన మానిటర్ మీద ఎనభై నాలుగు కనిపిస్తోంది. వాచీలోనూ అదే.

అంటే ఆ రోజు వాచీ తప్పు చెప్పలేదు. అది తప్పు చెప్పి ఉంటే నాకు తిట్టుకోవడానికి ఒక వస్తువైనా మిగిలేది.

స్టెంట్ వేయడానికి తీసుకెళ్లేముందు నర్సు గాజులు, మట్టెలు, పుస్తెలతాడు, వాచీ తీసి ప్లాస్టిక్ కవర్లో వేసి నా చేతికిచ్చింది. తలుపు బయట బెంచీ మీద కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గంట గడిచాక కవరు అదిరింది. చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, లేచి నడవండి అని తెర మీద బొమ్మ వచ్చింది. లేవలేకపోయాను.

బతికింది. గుండె కండరం చాలావరకు దెబ్బతిందని, మూడు నాలుగు గంటల ముందు తీసుకొచ్చి ఉంటే ఇంత జరిగేది కాదని చెప్పారు. మిషన్ తొక్కకూడదు, బరువు ఎత్తకూడదు, మెట్లు వీలైనంత వరకు వద్దు అన్నారు. ఇంటికొచ్చాక నాలుగైదు రోజులు ఆడవాళ్లు వచ్చి కత్తిరించిన గుడ్డలు తీసుకెళ్లారు. ఏ ముక్క ఎవరిదో ఆమె మంచం మీంచే చెబుతుంటే నేను వెతికి ఇచ్చాను. చివరి సంచీ వెళ్లిపోయాక ముందుగది ఊడ్చాను. నేల మీద దారపు ముక్కలు చాలా వచ్చాయి.

నన్ను ఆమె ఒక్క మాట అనలేదు. ఒకరోజు స్నానం చేసి వస్తుంటే వాళ్ల అక్కతో ఫోనులో అంటోంది. "లేదక్కా, మా సార్‌ను ఏమనకు. చూసి ఏం లేదన్నడు. సదువుకున్నోడు గదా, నాకన్న ఎరుకుంటది అనుకున్న. నేనే గట్టిగ చెప్పకపోతి." తల తుడుచుకుంటూ తలుపు ఇవతలే నిలబడిపోయాను. 

ఆ తర్వాత ఆమె చిన్నగా దగ్గినా ఆటో పిలిచేవాణ్ణి. అర్థం లేని భయంతో నెలలో మూడుసార్లు ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. మూడుసార్లూ ఏమీ లేదని పంపేశారు. ప్రతిసారీ ఆ మెట్లు దిగి ఎక్కింది. మూడోసారి తిరిగొచ్చి మంచం మీద కూర్చుని, "గింత పరేషాన్ చెయ్యకుండ్రి నన్ను" అంది. అప్పటి నుంచి ఒంట్లో ఎలా ఉందో నాతో చెప్పడం మానేసింది. ఎట్లుందని అడిగితే "మంచిగనే ఉన్న" అంటుంది, ఏ పూట అడిగినా, ఒకే గొంతుతో.

మొన్న వరండాలో నడిపిస్తున్నాను. అటు పదడుగులు, ఇటు పదడుగులు. సగం దారిలో ఆగి రెయిలింగ్ పట్టుకుంది. వేళ్లు తెల్లబడ్డాయి.

"ఏమైంది? నొప్పా?"

"ఏం లేదు. గా డాబా మీద బట్టలెంత మంచిగ ఆరేసిన్రో చూస్తున్న."

ఎదురు డాబా వైపు చూశాను. తీగ మీద ఒక్క బట్ట కూడా లేదు.