నూట ఇరవై

ఎవరు ఏది అడిగినా ఫిట్టరు తల కొంచెం ఎడమకు తిప్పేవాడు. నేలకేసి చూసేవాడు. ఒక్క క్షణం ఆగి అప్పుడు జవాబు చెప్పేవాడు. టైమెంత అని అడిగినా అంతే. మగ్గాల షెడ్డులో అతనికి దీర్ఘాలోచన అని పేరు పెట్టారు. "దీర్ఘాలోచన గారూ, టీ తాగుతారా, రేపు చెబుతారా?" అనేవారు. అతను నవ్వేవాడు.

అది ఆలోచన కాదు. ఇరవై రెండేళ్ళు ఒకే వరస మగ్గాల పక్కన నిలబడ్డాడు. మగ్గాలు ఎప్పుడూ అతనికి ఎడమవైపే. ఆ మోతకు నాలుగేళ్ళ కిందట ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి మాట చేరేది గాని, అంచులు అరిగి చేరేది. తల తిప్పడం కుడి చెవిని ముందుకు పెట్టడానికి. ఆగడం, విన్న ముక్కలను అతికించుకోవడానికి. షెడ్డులో అందరూ అరుచుకునే మాట్లాడుకుంటారు, అక్కడెవరికీ తెలియలేదు. ఇంట్లో అక్కకు చెప్పలేదు.

ఇల్లు రెండు గదులు. లోపలి గదిలో అక్క కుట్టుమిషను. ముందు గదిలో పాత టీవీకి తగిలించిన కంప్యూటరు. పదేళ్ళుగా షిఫ్టు దిగగానే దాని ముందు కూర్చునేవాడు. బజార్లో దొరికే కంప్యూటరు పత్రికలు ఎన్నేళ్ళయినా ఒకటో తరగతి దాటేవి కావు. వాటిలో అతను చదివేందుకు ఏమీ మిగలలేదు.

అతనిలాంటివాళ్ళ కోసం ఒక పత్రిక పెడదామన్నది బావ. మేనమామ కొడుకు, రేడియోలు బాగుచేసే షాపు ఉంది. "ఓనమాలు వచ్చినవాళ్ళకే" అని అట్ట మీదే వేశారు. ముప్పై రెండు పేజీలు, మూడు వందల కాపీలు. లోపల ప్రోగ్రాములు వరసలు వరసలుగా అంకెల్లో ఉంటాయి. పాఠకుడు వాటిని చూసి తన యంత్రంలో కొట్టుకోవాలి. ఒక్క అంకె తప్పితే మొత్తం తప్పు. ప్రూఫులు దిద్దే పని బావ ఫిట్టరుకు అప్పగించాడు.

"మన చుట్టాల్లో నీ అంత చాదస్తం ఎవరికుంది బావా?" అన్నాడు.

రెండో పేజీలో, ప్రూఫులు దిద్దినవారు అన్న మాట కింద అతని పేరు పడింది. అప్పటిదాకా ఆ పేరు షెడ్డు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు. ఆ పేజీ తెరిచి చాలాసేపు చూశాడు. అక్క కత్తెర పక్కన పెట్టి వచ్చి తనూ చూసింది. "మన నాన్న ఉంటే కళ్ళజోడు అడిగేవాడురా," అంది.

మొదటి సంచికలోని పెద్ద ప్రోగ్రాం కూడా అతనిదే. డిస్కు మీద చెల్లాచెదురుగా పడిన ముక్కలను ఒక క్రమంలో సర్దుతుంది. అతని యంత్రంలో ఏడాదిగా తప్పు లేకుండా నడుస్తోంది.

అచ్చుకు ముందు బావ ఒక మాట అడిగాడు. "ప్రతి వరస చివరా ఆ వరసలోని అంకెల మొత్తం వేద్దామా? కొట్టుకున్నవాళ్ళు కూడి చూసుకుంటే తప్పు దొరికిపోతుంది. మిగతా పత్రికలు వేస్తున్నాయి."

"కూడికలు చంటిపిల్లలకి. మనవాళ్ళ చేతిలో అలాంటివి పెడితే అవమానం."

మొత్తాలు వేయలేదు.

ప్రూఫులు దిద్దే పద్ధతి ఇది. అతని చేతిరాత కాగితాలు అక్క చేతిలో, ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫు అతని చేతిలో. ఆమె పైకి చదువుతుంది. అతను ఒక్కో అంకె కింద పెన్సిలు చుక్క పెడతాడు. ఒక ఆదివారం ఇద్దరూ పద్నాలుగు పేజీలు చదివారు.

"నూట ఇరవై, రెండొందల ఒకటి, సున్నా, సున్నా, పదిహేడు. ఒరేయ్, నా బుర్రలో మగ్గం ఆడుతోందిరా. దీనికి అర్థమేమిటో చెప్పు, కనీసం పుణ్యమైనా వస్తుంది."

"చదువక్కా."

అతని రెండు అంకెకు కింద చుట్టు ఉంటుంది. ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటరు ఒకచోట దాన్ని ఆరు అనుకుని నూట అరవై పేర్చాడు. అక్క తమ్ముడి రాత చిన్నప్పటినుంచీ ఎరుగును. నూట ఇరవై అనే చదివింది. ఇరవైకి, అరవైకి మొదటి అక్షరం ఒక్కటే తేడా. అతని చెవికి అరవై అని వినిపించింది. ప్రూఫులోనూ అదే ఉంది. చుక్క పెట్టాడు.

పత్రిక వెళ్ళిన మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. రాసింది రెండు గంటల బస్సు దూరంలో ఉండే ఒక రిటైర్డు సైన్సు మేష్టారు. పంతొమ్మిదేళ్ళుగా మేడ మీద గరాటా పెట్టి రోజూ వాన కొలుస్తున్నారు. ఆ నోటుపుస్తకాలన్నిటినీ రెండేళ్ళు కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించారు. చెదలు పడుతున్నాయని తరవాత పుస్తకాలు తగలబెట్టారు. ఫిట్టరు ప్రోగ్రాం కొట్టుకుని డిస్కు సర్దబోతే డిస్కు ఖాళీ అయింది. పాడయింది డిస్కేమో అనుకుని నకలు డిస్కు పెట్టారు. అదీ ఖాళీ అయింది.

"మీ ప్రోగ్రాంలో దోషం ఉండదు," అని రాశారు. "నేను నాలుగుసార్లు సరిచూసుకున్నాను. అయినా ఎక్కడో పొరబడ్డాను. నా చేతిని, నా కంటిని ఇక నమ్మలేను. యంత్రం మీద గుడ్డ కప్పేశాను. నా పొరపాటు ఎక్కడో మీరు చెప్పగలిగితే మనసు కుదుటపడుతుంది."

ఫిట్టరు పత్రికను, చేతిరాతను పక్కపక్కన పెట్టుకున్నాడు. గంట తరవాత దొరికింది. ప్రోగ్రాం డిస్కు మీద నూట ఇరవయ్యో గడిలో రాయాల్సింది నూట అరవయ్యో గడిలో రాస్తోంది. ఆ గడిలో ఉండేది డిస్కు విషయసూచిక. అది చెరిగాక మిగిలిన ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది. తిరిగి రాబట్టడానికి ఏమీ మిగలదు.

అక్కను పిలిచాడు. చేతిరాతలో ఆ వరస చూపించి చదవమన్నాడు. తను గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

"నూట ఇరవై."

"ఎంత?"

"నూట ఇరవై."

"మళ్ళీ."

"ఇరవై రా, ఇరవై! చెవుడా నీకు?"

అతను అవునన్నట్టు తల ఊపాడు. ఆమె చేతిలో కాగితం అలాగే ఉంది. వచ్చి అతనికి ఎదురుగా కూర్చుంది.

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళుగా నీతో మాట్లాడుతున్నది ఎవరనుకున్నావు, గోడా?" అంది. తరవాత లోపలికి వెళ్ళిపోయింది. మిషను చప్పుడు రాలేదు.

రేడియో షాపులో బావ ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"ఆయన తన పొరపాటే అంటున్నాడుగా. మనం కాదనడం దేనికి?"

"తప్పు నాది బావా."

"సరే, నీదే. వచ్చే సంచికలో అచ్చుతప్పు అని ఒక మూల వేద్దాం. ఎవరు అడిగారు, ఎందుకు వచ్చింది అని రాయక్కర్లేదు. ఆయనకు చెబితే వానలు వెనక్కొస్తాయా? పుట్టి మూడు వారాలైంది పత్రిక. నువ్వే పీక నొక్కకు."

"ఎలా తప్పావని ఎవరైనా అడిగితే?"

"అదే అడుగుతున్నా. అసలు ఎలా తప్పావు? నువ్వు తప్పవే."

ఫిట్టరు తల తిప్పి నేలకేసి చూశాడు. చెవి సంగతి చెబితే ప్రూఫులు వేరేవాళ్ళకు వెళతాయి. వినపడనివాడికి అంకెలు ఎవరు అప్పగిస్తారు? రెండో పేజీలో తన పేరు ఉండదు. "పెన్సిలు జారింది," అన్నాడు. బావ రెండో సంచిక ప్రూఫులు చేతికిచ్చాడు. తీసుకున్నాడు.

నాలుగు రోజులు ఆ కట్ట విప్పలేదు. అక్క చదువుతానని అడగలేదు. శనివారం షెడ్డుకు సెలవు పెట్టి బస్సెక్కాడు.

మేష్టారి ఇల్లు వీధి చివర. తలుపు తీసిన ఆవిడ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "యంత్రం కొనడానికా?" అంది. "ఇచ్చేస్తామని నలుగురికి చెప్పాం."

మేష్టారు లోపల కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. సన్నటి మనిషి. ఫిట్టరు నిలబడే చెప్పాడు. తను ఎవరో, నూట ఇరవై ఎలా నూట అరవై అయిందో, ఎందుకు పట్టుకోలేకపోయాడో. చెవి సంగతి కూడా చెప్పాడు. ఆయన లేచి బల్ల సొరుగు లోంచి పత్రిక తీశారు. ప్రతి అంకె మీదా నాలుగు టిక్కులున్నాయి. వేలితో వెతికి అక్కడ ఆపారు.

"నూట అరవై," అన్నారు. "నేను నూట అరవైయే కొట్టాను."

"అవునండీ."

"అంటే నేను సరిగ్గానే కొట్టాను." భార్యవైపు తిరిగారు. "విన్నావా? నేను సరిగ్గానే కొట్టానట."

ఆమె వినలేదన్నట్టు నిలబడింది. ఆయన ముఖంలోకి వచ్చిన వెలుగు కొద్దిసేపు ఉంది. తరవాత కూర్చున్నారు.

"వానలు?"

ఫిట్టరుకు వినపడింది.

"రావండీ."

"ఒక్క ఏడాదైనా?"

"రాదండీ."

ఆయన పత్రిక మూసి అతనికే ఇచ్చేశారు. "మొత్తాలు వేసి ఉంటే దొరికేది కదా," అన్నారు మెల్లగా. "ఎందుకు వేయలేదు?"

"నేనే వద్దన్నాను."

"ఊఁ," అన్నారు. ఆ తరవాత ఆయన ఏదో అన్నారు. కిటికీవైపు తిరిగి అన్నారు. ఫిట్టరుకు అందలేదు. మళ్ళీ చెప్పమని అడిగే ముఖం లేదు. ఆవిడ తలుపు తీసి పట్టుకుంది.

మరునాడు పొద్దున్నే, బావ ఇంకా షాపు చెక్క తలుపులు ఒక్కొక్కటే తీస్తుండగా, ఫిట్టరు ప్రూఫుల కట్ట తీసుకుని వెళ్ళాడు. పైన ఒక కాగితం ఉంది. తప్పు ఏమిటో, ఎవరిదో, ఎలా జరిగిందో తన పేరుతో రాశాడు. అట్ట లోపలి పేజీలో పూర్తిగా వేయమన్నాడు. "నాకు సరిగ్గా వినపడదు బావా, వీటికి ఇంకొకరిని చూసుకో," అన్నాడు. బావ కట్టను చూశాడు, అతన్ని చూశాడు. వద్దనలేదు. కట్ట అందుకుని చంకలో పెట్టుకుని రెండో తలుపు తీయడానికి వంగాడు. ఫిట్టరు ఆ తలుపును ఒక చివర పట్టుకుని పక్కకు జరిపాడు. తరవాత ఇంటికి నడిచాడు.